బందరు రేవులో పరదేశి వర్తకులు

మచిలీపట్నములో డచ్చివారి శ్మశానవాటిక యొకటి నేటికిని కలదు. అచ్చటి నల్లరాతి పలకలపై చెక్కిన వంశచిహ్నములను, వంకరలు తిరిగిన పరదేశపు అక్షరములను చూచినవారికి ఒక సందేహము కలుగక మానదు. ఇంతదూరము వచ్చి ఈ ఉప్పునేలలో కన్నుమూసిన వీరెవరు? సైనికులా? మతగురువులా? వీరిలో పెక్కురు వర్తకులు, వర్తకుల కొలువులో నున్నవారు, వారి ఆలుబిడ్డలు. పరుల దేశమున అంగడి పెట్టుటకు వచ్చినవారు.

తన దేశము కాని దేశములో వ్యాపారము ప్రారంభింపదలచిన వాడు ముందుగా ఏమేమి విచారించుకొనవలెను? ఈ ప్రశ్న నేడు పెద్దపెద్ద కంపెనీలు న్యాయవాదులను కూర్చుండబెట్టుకొని వేసికొనుచున్నవి. నాలుగువందల ఏండ్లకు పూర్వము మన బందరు రేవులో దిగినవారును ఇదే ప్రశ్న వేసికొనిరి. వారికి లభించిన సమాధానములు వారి దినచర్యలలోను, లేఖలలోను, లెక్కల పుస్తకములలోను నిలిచియున్నవి. ఆ కథను ఈ పూట కొంత ముచ్చటించుకొందము.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి 1600 సంవత్సరము డిసెంబరు 31వ తేదీన రాజశాసనము లభించెను. డచ్చి కంపెనీ 1602లో ఏర్పడెను. ఉభయుల దృష్టియు మొదట మన దేశముపై లేదు. వారు కోరినది మిరియము, లవంగము, జాజికాయ, జాపత్రి. అవి జావా, సుమత్రా, మొలుక్కా దీవులలో దొరకును. అయితే ఆ దీవులకు వెండి తీసికొనిపోయిన వర్తకులు త్వరలోనే ఒక సంగతి గ్రహించిరి. అచ్చటి ప్రజలు వెండికంటె గుడ్డలను మక్కువతో తీసికొందురు. ఆ గుడ్డలు కోరమాండల తీరమున నేసినవి; అందును ఎర్రని అద్దకము గల కృష్ణా, గోదావరీ ప్రాంతపు వస్త్రములకు గిరాకి మెండు. తరతరాలుగా మన ఓడవర్తకులు వాటిని అమ్ముచునే యుండిరి. కావున మిరియము కావలెనన్నచో ముందు బందరుకు పోవలెను. ఒక దేశపు సరకును మరియొక దేశపు సరకుతో కొని మూడవ దేశమున అమ్మవలసిన వ్యాపారమిది.

మొదటి విచారము స్థలమును గూర్చినది. బందరును చూచినవారెవరును ఆ ఊరి అందమునకు మురిసి అక్కడ దిగలేదు. 1618 మొదలు 1622 వరకు అచ్చట నివసించిన విలియం మెథోల్డు అను ఇంగ్లీషు వర్తకుడు గోలకొండ రాజ్యమును వర్ణించుచు, ఆ ఊరు చిన్నదే గాని జనసమ్మర్దము గలదనియు, గోడలేనిదనియు, కట్టడములు సామాన్యములనియు, నీరు ఉప్పనిదనియు వ్రాసెను. ఓడలు గట్టునకు చేరలేవు. దూరముగా సముద్రములో లంగరు వేసి, సరకును పడవలలోనికి దింపి తీరమునకు చేర్చవలెను. ఆశ్వయుజ కార్తికములలో గాలివాన పట్టినచో ఓడకును, సరకునకును దిక్కులేదు. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెనలో ఆ ప్రాంతమున సుమారు 30,000 మంది మరణించిరన్నచో ఆ తీరపు స్వభావము మనకు బోధపడును.

అయినను వారు బందరునే ఏల ఎన్నుకొనిరి? రేవు వెనుక నున్న నాడును చూచి ఎన్నుకొనిరి. చుట్టుప్రక్కల గ్రామములలో వేలకొలది మగ్గములుండెను. నరసాపురము, పాలకొల్లు, ద్రాక్షారామము దిక్కున మేలైన నేత కలదు. నిజాంపట్నము చేరువ పండెడి చిరివేరుతో వేసిన ఎరుపు ఎన్ని ఉతుకులకైనను చెదరదని పేరు. బందరునుండి గోలకొండకు బాట కలదు. రాజధానిలో సరకు కొనువారును, వజ్రములు అమ్మువారును కలరు. మంచి రేవు ఉండి వెనుక మగ్గము లేనిచోటు వర్తకునికి నిరుపయోగమని, చెడ్డరేవైనను వెనుక పనివారున్నచోటు మేలని వారు లెక్క కట్టిరి.

రెండవ విచారము అనుమతి. డచ్చివారు 1605లో బందరు చేరి, మరుసటి సంవత్సరము మహమ్మద్ కులీ కుతుబ్ షా వలన ఫర్మానా పొందిరి. సుంకమెంత, గుడ్డలపై ముద్రకును దళారీకిని చెల్లించు పన్నుండునా, గిడ్డంగి ఎచ్చట కట్టుకొనవచ్చును అనునవి అందలి ముఖ్యాంశములు. ఫర్మానా చేతికి వచ్చినంతమాత్రమున పని ముగిసినదని తలచువారికి బందరు త్వరలోనే పాఠము చెప్పెడిది. రాజు గోలకొండలో నుండును. రేవును ఏలువాడు హవల్దారు. ఆ అధికారము తరచు ఇజారాకు ఇయ్యబడెడిది. ఎక్కువ పాట పాడినవానికి రేవు దక్కును. అతడు రాజునకు చెల్లింపవలసిన సొమ్మును గడువులోపల రాబట్టుకొని, పైన తనకు కొంత మిగుల్చుకొనవలెను. మరుసటి సంవత్సరము తానుండునో, మరియొకడుండునో తెలియదు. అట్టివానికి పరదేశి వర్తకుడు పదేండ్లు వర్ధిల్లవలెనన్న చింత ఎట్లుండును? ఈ ఏడు ఎంత పిండవచ్చునన్నదే చింత.

అనుమతి విషయమున మరియొక చిక్కు ముందుగా వచ్చి కూర్చున్న పోటీదారు. 1611లో 'గ్లోబు' అను ఇంగ్లీషు ఓడ ఈ తీరమునకు వచ్చినది. దాని వ్యాపారమును నడపినవారు పీటరు ఫ్లోరిసు, లూకాసు ఆంతూనిసు అను ఇరువురు డచ్చివారు. వీరు మునుపు డచ్చి కంపెనీలో పనిచేసి, ఆ అనుభవమును మూటగట్టుకొని ఇంగ్లీషువారి కొలువులో చేరినవారు. ఓడ మొదట పులికాటులో ఆగినది. అప్పటికే అచ్చటి డచ్చివారు విజయనగర ప్రభువు వలన కౌలు పొందియుండిరి. తమ దేశాధిపతి యగు మారిసు ప్రభువు ఉత్తరువు లేనిదే ఐరోపానుండి మరెవ్వరును ఇచ్చట వ్యాపారము చేయరాదని వారు అడ్డుపడిరి. ఫ్లోరిసు అచ్చట పనిగాదని గ్రహించి, నిజాంపట్నమునకును, అటనుండి బందరునకును వచ్చి ఆగస్టు నెలాఖరునకు బేరములు మొదలుపెట్టెను. ఆంధ్రతీరమున ఇంగ్లీషువారి వ్యాపారమునకు అది ఆరంభము.

మూడవది డబ్బు. సొమ్ము చాలినంత తెచ్చుటయే గాక, ఏ లోహము తెచ్చితిమన్నది ముఖ్యము. సూరతులో వెండికి విలువ. ఈ తీరమున బంగారు వరహా చెలామణి. కావున విదేశపు వెండినాణెమును షరాబునొద్ద మార్చుకొనవలెను. షరాబు తరుగు తీయును. ఓడ వచ్చిన దినమున అందరును ఒకేమారు వెండి అమ్మవత్తురు గనుక ధర పడిపోవును.

దీనికితోడు కాలమొకటి కలదు. ఓడ వచ్చినతరువాత గుడ్డ కొందమన్నచో దొరకదు. నేతవానికి నూలు కావలెను, నూలుకు ముందుగా బయానా ఈయవలెను, నేసిన గుడ్డను చలువ చేయవలెను, అద్దకము వేయవలెను. ఇందుకు నెలలు పట్టును. ఓడ రాకకు ముందే సరకు సిద్ధముగా నుండవలెనన్నచో, వెనుకటి యేటి సొమ్ములో కొంత బందరులోనే నిలువ యుంచవలెను. డచ్చివారు ఈ మర్మము త్వరగా కనిపెట్టి నిలువధనము నుంచిరి. ఇంగ్లీషువారు పెక్కుమారులు ఆ పని చేయలేక, ఊరి సాహుకార్లయొద్ద అధికవడ్డీకి అప్పుచేసి, ఓడ నిలిచియుండగా హెచ్చుధరకు కొనవలసినవారైరి. లండనులోని యజమానులకు ఈ కష్టము వివరించి జాబు వ్రాసినచో, ప్రత్యుత్తరము వచ్చుటకు ఏడాదిన్నర, రెండేండ్లు పట్టెడిది.

నాలుగవది మనుష్యులు. ఈ కంపెనీల ఉద్యోగులకు తెలుగు రాదు, పారసీ రాదు. నేతపల్లెకు తామై పోయి బేరము చేయలేరు. దుబాసీ కావలెను, దళారి కావలెను, అన్నిటికంటె ముఖ్యముగా పలుకుబడి గల ఒక పెద్ద వర్తకుడు కావలెను. పులికాటులో డచ్చివారికి మలయచెట్టి, ఆయన సోదరుడు చిన్నన్న, తరువాతి కాలమున చెన్నపట్నములో ఇంగ్లీషువారికి బేరి తిమ్మన్న, కాశీ వీరన్న అట్టివారు. కంపెనీ సొమ్మును వీరు చేతబట్టి, తమ జామీనుపై నేతపల్లెలకు బయానాలు పంపి, చెప్పిన గడువునకు గుడ్డ తెప్పించెడివారు. సొమ్ము కంపెనీది కావచ్చును. నమ్మకము మాత్రము వీరిది. ఆ నమ్మకమునకు వెల కట్టి వీరు తమ పాలు తీసికొనుటలో ఆశ్చర్యము లేదు.

ఇచ్చట నేతపనివాని స్థితి గమనింపదగినది. ఆ కాలమున బయానా పుచ్చుకొన్న నేతవాడు, ధర నచ్చనిచో, పుచ్చుకొన్న సొమ్ము తిరిగి ఇచ్చివేసి, గుడ్డను మరియొకరికి అమ్ముకొనగలిగెడివాడు. ప్రక్కనే డచ్చివాడుండెను, ఇంగ్లీషువాడుండెను, డేనులుండిరి, 1669 తరువాత ఫ్రెంచివారును వచ్చిరి. పారసీక, ఆర్మేనియా వర్తకులు మునుపటినుండి ఉండనే యుండిరి. కొనువారు పదిమంది యున్నచోట నేసినవానికి మాట యుండును. ఈ ఒక్క విషయమును జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనికడకు రావలసియున్నది.

అయిదవది బాకీ. పరదేశములో ఇచ్చిన అప్పు రానిచో ఎవరితో చెప్పుకొనవలెను? ఫ్లోరిసు దూరప్రాచ్యము తిరిగి 1613 చివర మరల బందరు చేరి, సుమారు ఒక సంవత్సరము అచ్చట వ్యాపారము చేసెను. హవల్దారు అతనికి బాకీపడెను. అడిగిన ప్రతిమారును రేపనుటయే. న్యాయస్థానమునకు పోవుదమన్నచో ఆ ఊరిలో న్యాయము చెప్పువాడును ఆ హవల్దారే. ఓడ వెడలవలసిన ఋతువు దాటిపోవుచుండెను. 1614 నవంబరులో ఫ్లోరిసు తెగించి, సుంకపుచావడిలో నున్న హవల్దారు కుమారుని బలిమిని పట్టి పడవనెక్కించి ఓడకు తీసికొనిపోయెను. ఆ యువకుడు బ్రాహ్మణుడు. ఇతరులు వండినది ముట్టరాని ఆచారము గలవాడు. ఓడలో అన్నము గాని, నీరు గాని పుచ్చుకొనక ఉపవాసముండెను. తుదకు బాకీ చెల్లినది, అతడు ఒడ్డుకు చేరెను.

ఈ సంఘటనను ఫ్లోరిసు తన దినచర్యలో దాచక వ్రాసికొనెను. దీనిని చదివినవారికి రెండు భావములు ఒకేసారి కలుగును. సొమ్ము ఎగవేసిన అధికారిపై కోపము కలుగును. తిండిలేక పరదేశి ఓడలో కూర్చున్న ఆ కుమారుడు చేసిన నేరమేమన్న జాలియు కలుగును. న్యాయము చెప్పు చోటు లేనప్పుడు వర్తకుని చేతిలోని తక్కెడ తుపాకి యగుటకు ఎంతోకాలము పట్టదు. ఫ్లోరిసు స్వభావముచే క్రూరుడని చెప్పుటకు అతని వ్రాతలలో ఆధారము కనబడదు. అతనివెనుక ఓడయు, ఓడలో ఫిరంగులును ఉండెను; ఎదుట మాట వినువాడు లేడు. అంతియే.

ఇట్టి చిక్కులు ఒకసారి వచ్చి పోవునవి కావు. హవల్దారుల ఒత్తిడికి తాళలేక 1628లో ఇంగ్లీషువారు బందరు విడిచి, నెల్లూరునకు దక్షిణమున నున్న దుగరాజపట్నమునకు పోయిరి. దానిని వారు ఆర్మగాను అనెడివారు. అచ్చట రెండేండ్లకు ముందే చిన్న వర్తకస్థానము కట్టుకొని, ఫిరంగులు నిలిపియుండిరి. అచ్చట రక్షణ దొరకెను గాని మంచి గుడ్డ దొరకలేదు. కొద్దికాలమునకే మరల బందరు దారి పట్టక తప్పలేదు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా వారికి ఫర్మానా దయచేసెను. ఏటికి 500 వరహాలు చెల్లించి, గోలకొండ రాజ్యపు రేవులన్నిటను స్వేచ్ఛగా వ్యాపారము చేసికొనవచ్చునని అందలి సారాంశము. చరిత్రకారులు దీనిని బంగారు ఫర్మానా యందురు.

పరదేశి వర్తకుడు కోరునది ఏమో ఈ ఫర్మానా తేటగా చెప్పుచున్నది. అతడు పన్ను వద్దనలేదు. ఎంత చెల్లింపవలెనో ముందుగా తెలియవలెనని కోరెను. నేడు పది, రేపు ఇరువది అన్నచో లెక్క కట్టలేడు. లెక్క కట్టలేనివాడు పెట్టుబడి పెట్టలేడు.

అయినను బందరులో తిన్న దెబ్బలను ఇంగ్లీషువారు మరువలేదు. కాగితముపైని అభయముతోపాటు, ఇటుకతో కట్టిన అభయము కూడ కావలెనని వారి మనసులో నాటుకొనెను. పులికాటులో డచ్చివారు 1613లోనే కోట కట్టుకొనియుండిరి గదా! 1639లో ఫ్రాన్సిసు డే అను ఉద్యోగి, దామెర్ల వేంకటాద్రి నాయకునితో మాటలాడి, పులికాటునకు దక్షిణమున ఒక ఇసుకదిబ్బపై స్థలము సంపాదించెను. నాయకుని తండ్రి చెన్నప్ప నాయకుని పేర అది చెన్నపట్నమైనది. రేవు సరిగా లేదు. బందరువలెనే పడవలపై దిగవలసినదే. గుడ్డ చౌకగా దొరకుననియు, కోట కట్టుకొనవచ్చుననియు డే సంతోషించెను. కోట ఖర్చు ఎవరిదన్న విషయమున మాత్రము పేచీ వచ్చినది. నాయకుడే కట్టించి ఇచ్చునని ఇంగ్లీషువారు అర్థము చేసికొనిరి. నాయకుని భావము వేరు. తుదకు ఆ భారము కంపెనీపైననే పడెను. రెండు భాషల నడుమ జారిపోయిన ఒక్క మాట ఎంత ఖరీదగునో దీనివలన తెలియుచున్నది. 1640లో కోట లేచినది. 1641లో కోరమాండల తీరమున ఇంగ్లీషువారి ముఖ్యస్థానము బందరునుండి చెన్నపట్నమునకు మారినది.

అటుపై జరిగినది మీరెరుగుదురు. 1687లో గోలకొండ మొగలుల వశమైనది. 1750లో బందరు ఫ్రెంచివారికి దక్కెను. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు బందరు కోటను వారినుండి పట్టుకొనెను. 1766లో నిజాముతో జరిగిన సంధివలన ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చెను. ఏటికి 500 వరహాలు చెల్లించి అంగడి పెట్టుకొనుటకు అనుమతి వేడినవాడు, నూటముప్పదియైదేండ్లలోపల ఆ నేలకే పన్ను వసూలుచేయువాడైనాడు.

మరి ఆ నేతవాడేమైనాడు? కొనువారు పదిమంది యున్నంతకాలము అతనికి మాట యుండెనని ఇంతకుముందు చెప్పితిని. కొనువాడే ప్రభువైనతరువాత ఆ మాట పోయినది. బయానా తిరిగి ఇచ్చి తప్పుకొను హక్కు పోయినది. కంపెనీ గుమాస్తాలు గడువు పెట్టి, కాపలా పెట్టి నేయించుకొనిరి. దేశములు చేతులు మారిన కథను మనము యుద్ధముల పేరులతో చెప్పుకొందుము. మగ్గముకడ కూర్చున్నవానికి మాత్రము ఆ మార్పు, 'ఈ ధర నాకు గిట్టదు' అను మాట నోట రాకుండుటతో తెలిసినది.

ఈ చరిత్రనుండి తెలిసికొనవలసినది ఒక పక్షమునకే గాదు. పెట్టుబడితో వచ్చువాడు స్థలమును, అనుమతిని, నాణెమును, భాషను, బాకీ వసూలగు దారిని ముందుగా విచారించుకొనవలెను. ఇందులో ఏ ఒక్కటి మరచినను మిగిలిన నాలుగును అతనిని కాపాడవు. రానిచ్చువారికిని ఒక విచారము కలదు. రేవును ఏటేట వేలము వేసి, వచ్చినవానిని వచ్చినట్లు పిండు రాజ్యము, మంచి వర్తకుని పారద్రోలును. బలముగల వర్తకునిచేత కోట కట్టించును. పన్ను ఎంతయో స్థిరముగా చెప్పి, తగవు వచ్చినప్పుడు ఇరువురికిని సమానముగా న్యాయము చెప్పు చోటు ఒకటి నిలిపిన రాజ్యములో వర్తకుడు కోట కావలెనని అడుగుటకు సాకుండదు, అడిగినను ఇయ్యనక్కరలేదు. కుతుబ్ షాహీ ప్రభువులు సుంకపు లెక్క చూచుకొనిరి గాని, ఆ రెండవ పని చేయలేదు. బందరులోను, చెన్నపట్నములోను, నేతపల్లెలలోను దాని ఫలితము అనుభవమునకు వచ్చినది.

బందరు పోయినపుడు ఆ డచ్చి శ్మశానవాటికకు ఒకసారి పోయి చూడుడు. అచ్చటినుండి ఏ నేతపల్లెకైనను దూరము మెండు కాదు. గోరీ క్రింద నున్నవాని పేరు రాతిపై నేటికిని నిలిచియున్నది. అతడు కొన్న గుడ్డను నేసినవాని పేరు ఎచ్చటను లేదు. అతని లెక్కల పుస్తకములో ఒక వరుసలో, ఇన్ని గుడ్డలు, ఇన్ని వరహాలు అని మాత్రమున్నది.